బాయి విద్య బాయిలోనే ఆగిపోరాదు

నస్పూర్: శ్రీరాంపూర్ ఏరియాలోని ఎస్.ఆర్.పి. 3, 3ఎ గనిలో 2021 నవంబర్ 10న పైకప్పు కూలి నలుగురు కార్మికులు మరణించిన సంగతి ఈ ప్రాంత ప్రజలకు విదితమే. అంతకు ముందు 2003 జూన్ 16న గోదావరిఖనిలోని జి.డి.కె. 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీరు చొచ్చుకురాగా 17 మంది జలసమాధి అయినారు. ఇటువంటి దుర్ఘటన జరిగిన ప్రతిసారి విచారణ జరుగుతుంది. రక్షణ సూచనలు వెలువడుతాయి. నోటీసు బోర్డు మీద కాగితం అతికిస్తారు. కొన్నాళ్లకు ఆ కాగితం మీద ఇంకొక కాగితం పడుతుంది. కింద ఉన్న పాఠం మరుగున పడుతుంది. ప్రాణాలు ఒడ్డి నేర్చుకున్న విద్యకు ఇంతకన్న మంచి చోటు లేకపోవడం శోచనీయం.

ఈ లోటు తీరాలంటే గనుల్లో పనిచేసే సర్దార్లు, ఓవర్‌మెన్లు, ఆ పరీక్షలకు చదువుకుంటున్న యువ కార్మికులు ఒక వృత్తి సంఘంగా ఏర్పడి, ఇంటర్నెట్టులో సొంత పాఠశాల పెట్టుకోవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉన్నది. సభ్యుల రిజిస్టరు, చందా లెక్క, పాఠాలు, పరీక్షలు అన్నీ ఒకే వెబ్‌సైటులో ఉండాలి. ఇటువంటివి పట్నాల్లోని డాక్టర్లకు, ఇంజనీర్లకు, ఆడిటర్లకు ఎప్పటినుంచో ఉన్నవి. భూమి కింద పనిచేసేవారికి ఎందుకు ఉండరాదు?

సర్దార్ బాధ్యత

బాయి పని ఎరుగని పల్లె పాఠకుల కోసం ఒక మాట చెప్పవలసి ఉన్నది. షిఫ్టులో కార్మికులు పనిస్థలంలోకి అడుగుపెట్టే ముందు ఆ చోటును తనిఖీ చేసేవాడు సర్దార్. కప్పు గట్టిగా ఉన్నదా, గాలి ఆడుతున్నదా, గ్యాసు చేరిందా అని చూసి, భద్రమని తేలిన తరువాతనే పని మొదలు పెట్టిస్తాడు. అతనిపై ఓవర్‌మెన్ ఉంటాడు. ఈ పనులకు కేంద్ర ప్రభుత్వ గనుల భద్రతా శాఖ అయిన డి.జి.ఎం.ఎస్. ఇచ్చే సర్టిఫికెట్టు తప్పనిసరి. ఆ శాఖ ప్రధాన కార్యాలయం ధన్‌బాద్‌లో ఉన్నది. గ్యాసు పరీక్షించే సర్టిఫికెట్టు, ప్రథమ చికిత్స సర్టిఫికెట్టు కూడా సంపాదించుకోవాలి. బొగ్గు గనుల నిబంధనలు 2017లో కొత్తగా వచ్చినందున పాత పుస్తకాలు చదివినవారు కూడా మళ్లీ చదువుకోక తప్పలేదు.

పరీక్షలో ఉండే విషయం ఎంత ప్రాణాంతకమైనదో ఒక్క ఉదాహరణ చాలు. గాలిలో మీథేన్ వాయువు సుమారు 5 శాతం నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అది గాలికంటే తేలిక కనుక కప్పు దగ్గర చేరుతుంది. ఈ మూడు వాక్యాలు పరీక్ష కోసం బట్టీపట్టినవాడు మార్కులు తెచ్చుకుంటాడు. అర్థం చేసుకున్నవాడు పరికరాన్ని ఎక్కడ ఎత్తి పట్టుకోవాలో తెలుసుకుంటాడు. ఈ రెండింటికీ నడుమ ఉన్న తేడాయే పాఠశాల అవసరాన్ని చెబుతున్నది.

వెళ్లిపోయేవారు, వచ్చేవారు

2018 నుంచి సింగరేణిలో కారుణ్య నియామకాలు తిరిగి మొదలైన తరువాత కార్మికుల పిల్లలు పెద్ద సంఖ్యలో బదిలీ వర్కర్లుగా చేరినారు. వీరిలో డిగ్రీలు, ఇంజనీరింగు చదివినవారు కూడా ఉన్నారు. చదువు ఉన్నది. బాయి అనుభవం లేదు. మరోవైపు తట్టా చెమ్మస్ కాలం నుంచి పనిచేసినవారు 61 ఏళ్లు నిండి ఇంటిదారి పడుతున్నారు. వారికి అనుభవం ఉన్నది. కాగితం మీద పెట్టే అలవాటు లేదు.

పాత సర్దార్ చేతి కర్రతో కప్పును తట్టి శబ్దాన్నిబట్టి దాని మంచిచెడ్డలు చెబుతాడు. గట్టి కప్పు ఖంగుమంటుంది. లోపల పొర విడిపోయిన కప్పు డొల్లగా పలుకుతుంది. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవని సామెత. అయితే కప్పు రాకడ మాత్రం చెవి ఉన్నవాడికి కొంత తెలుస్తుంది. ఆ చెవిని తయారుచేసిన మనిషి పదవీ విరమణ చేసి తీగల్‌పహాడ్‌లోనో, సింగాపూర్‌లోనో అరుగుమీద కూర్చుంటున్నాడు. అతని తరువాత ఆ విద్య ఎవరిది?

తట్టలు పోయి ఎస్.డి.ఎల్. యంత్రాలు వచ్చినవి. దుంగల స్థానంలో రూఫ్ బోల్టులు వచ్చినవి. యంత్రం ఏదైనా దాన్ని నడిపేవాడి నెత్తిమీద ఉన్న కప్పు అదే. కనుక పాతవారి తెలివి పనికిరాదనుకోవడం పొరపాటు. 2019లో కేంద్ర ప్రభుత్వం స్త్రీలు సైతం సాంకేతిక, పర్యవేక్షక పదవుల్లో పగటిపూట భూగర్భ గనుల్లో పనిచేయడానికి అనుమతించింది. ఈ విద్యకు వారసులుగా ఇకమీదట ఆడపిల్లలు కూడా ఉంటారు.

వాట్సాప్ చాలదా?

ఇప్పటికే ప్రతి బాయికి వాట్సాప్ గ్రూపులు ఉన్నవి కదా, వేరే వెబ్‌సైటు దేనికని కొందరు అడగవచ్చును. ఆ గ్రూపుల్లో మంచి సమాచారం వస్తున్న మాట నిజమే. కాని పొద్దున వచ్చిన పాఠం సాయంత్రానికి పండుగ శుభాకాంక్షల కింద పడిపోతుంది. ఎవరు చదివినారో, ఎవరికి అర్థమైందో తెలియదు. ఒకరు పంపిన తప్పు జవాబును వందమంది ముందుకు పంపుతారు. దిద్దే బాధ్యత ఎవరిదీ కాదు. ఫోను పోయినప్పుడు అన్నీ పోతాయి.

యూట్యూబులో పాఠాలు చెప్పేవారు ఉన్నారు. అయితే వాటిలో ఏది 2017 నిబంధనల ప్రకారం చెప్పినది, ఏది పాతది అని కొత్త కుర్రవాడికి ఎట్లా తెలుస్తుంది? పరీక్ష గైడ్లు ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి. నైట్ షిఫ్టు చేసి వచ్చి నిద్రకళ్లతో ఇంగ్లీషు నిబంధన చదివి అర్థం చేసుకోవడం అందరివల్ల అయ్యే పని కాదు.

ఇక్కడ కావలసినది ఒక క్రమం. ముందు ఏది, తరువాత ఏది అనే వరుస ఉండాలి. పాఠం చివర ప్రశ్నలు ఉండాలి. తప్పు జవాబు చెప్పినవాడికి అది ఎందుకు తప్పో వెంటనే తెలియాలి. అనుమానం వస్తే అడగడానికి తెలిసినవాడు దొరకాలి. ఆన్‌లైన్ విద్యా వేదికలు చేసే పని సరిగ్గా ఇదే.

ఎడారిలో పుట్టిన ఆలోచన

ఇటువంటి వేదికల్లో పేరుపొందినది మూడుల్. దీనిని తయారుచేసిన మార్టిన్ డూగియామస్ ఆస్ట్రేలియా పశ్చిమ భాగంలో, పట్నానికి ఎంతో దూరంగా ఎడారి ప్రాంతంలో పెరిగినవాడు. దగ్గరలో బడి లేక చిన్నతనంలో రేడియో ద్వారా పాఠాలు విన్నాడు. పెద్దయిన తరువాత 2002లో మూడుల్ మొదటి వెర్షన్‌ను విడుదల చేసినాడు. బడికి పోలేని పిల్లవాడి కష్టం తెలిసిన మనిషి చేసిన వస్తువు గనుక, షిఫ్టుల మధ్య చదువుకునే కార్మికుడికి కూడా అది సరిపోవడంలో ఆశ్చర్యం లేదు. ఆ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా ఉచితంగా తీసుకొని తమ సర్వర్‌లో పెట్టుకోవచ్చును. తమకు తగినట్లు మార్చుకోవచ్చును.

గనిలోకి సెల్‌ఫోను తీసుకుపోరాదు. అది రక్షణ నియమం. కనుక చదువు ఇంటి దగ్గరే సాగాలి. మూడుల్ ఫోను యాప్‌లో పాఠాలను ముందే దించుకొని, సిగ్నల్ లేనిచోట కూడా చదువుకునే వీలున్నది. పాఠాలను తెలుగులో పెట్టడానికి ఏ అడ్డూ లేదు.

పనిచేస్తూ చదువుకోవడం మన ప్రాంతానికి కొత్త కాదు. 1982లో హైదరాబాదులో స్థాపితమైన సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇప్పటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, దేశంలోనే ఆ తరహాలో మొదటిది. కాలేజీ మెట్లు ఎక్కలేని ఎందరినో అది పట్టభద్రులను చేసింది. వృత్తి సంఘం విషయానికి వస్తే, 1920లో ఏర్పడిన ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ సంస్థ, సభ్యత్వాన్నీ పరీక్షలనూ కలిపి, ఉద్యోగం చేస్తూనే ఇంజనీరు అయ్యే దారి చూపించింది. సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడినది కూడా అదే 1920లో కావడం గమనార్హం. ఇంజనీర్లు ఆనాడు చేసుకున్న ఏర్పాటును సర్దార్లు ఈనాటికీ చేసుకోకపోవడానికి తగిన కారణం కనిపించదు.

ఎట్లా కట్టాలి?

ముందు సంఘం, తరువాత వెబ్‌సైటు. ఈ వరుస తప్పితే కట్టడం నిలవదు. తెలంగాణలో సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సంఘాన్ని నమోదు చేయించి, దాని పేరున బ్యాంకు ఖాతా తెరవాలి. వెబ్‌సైటు పేరును కూడా సంఘం పేరుననే కొనాలి. చాలాచోట్ల జరిగేదేమిటంటే, ఉత్సాహం ఉన్న ఒక కుర్రవాడు తన పేరున, తన జేబు డబ్బుతో సైటు పెడతాడు. అతనికి హైదరాబాదులోనో, గల్ఫ్‌లోనో ఉద్యోగం రాగానే తాళంచెవి అతనితోపాటే పోతుంది. ఏడాది తిరిగి అద్దె కట్టేవారు లేక సైటు మూతబడుతుంది. తప్పు కుర్రవాడిది కాదు. అతని ఒక్కడి మీద భారం వేసి కూర్చున్న పెద్దలది.

సభ్యత్వం మూడు రకాలుగా ఉండవచ్చును. సర్టిఫికెట్టు పొంది పనిచేస్తున్నవారు పూర్తి సభ్యులు. పరీక్షకు చదువుతున్నవారు విద్యార్థి సభ్యులు. విశ్రాంత ఉద్యోగులు గురు సభ్యులు. గురు సభ్యుల వద్ద చందా తీసుకోరాదు. వారు ఇచ్చే అనుభవమే వారి చందా. మూడుల్‌లో ఒక్కొక్క రకాన్ని ఒక్కొక్క జట్టుగా కడితే, ఆ జట్టులో చేర్చినవారికి తగిన పాఠాలు వాటంతట అవే తెరుచుకునేటట్లు చేయవచ్చును. పాఠంలో చేర్చిన సభ్యుడికి గడువు తేదీ పెట్టవచ్చును. చందా రాబట్టే పద్ధతి మొదట్లో సాదాగా ఉంటే చాలు. సంఘం ఖాతాకు డబ్బు కట్టి, రసీదు నంబరు ఇస్తే, కోశాధికారి సరిచూసి చేర్చుకుంటాడు. సభ్యులు వేలల్లోకి పెరిగినప్పుడు తక్కిన హంగులు చూసుకోవచ్చును.

పాఠం పది నిమిషాలకు మించరాదు. ఒక పాఠం, అయిదు ప్రశ్నలు. మొదటి ఏడాదిలో 20 మంచి పాఠాలు తయారైతే అది చిన్న విజయం కాదు. ప్రతి పాఠాన్ని ఒక అనుభవజ్ఞుడు చెప్పాలి, సర్టిఫికెట్టు ఉన్న ఇంకొకరు నిబంధనలతో సరిచూడాలి. కింద ఇద్దరి పేర్లూ, సరిచూసిన తేదీ ఉండాలి. నిబంధన మారిన రోజున ఏ పాఠం దిద్దాలో అప్పుడే తెలుస్తుంది.

నిర్వహణ తాళంచెవులు కనీసం ఇద్దరి దగ్గర ఉండాలి. నెలకొకసారి సైటు మొత్తానికి నకలు తీసి వేరేచోట భద్రపరచాలి. ఉచిత సాఫ్ట్‌వేర్ అన్నంత మాత్రాన ఖర్చు ఉండదని అనుకోరాదు. సర్వర్ అద్దె, వెబ్‌సైటు పేరు రుసుము ఏటేటా కట్టవలసి ఉంటుంది. మరమ్మతు చూసే మనిషికి ఎంతో కొంత ఇవ్వవలసి ఉంటుంది. ఈ లెక్కను సంవత్సరానికి ఒకసారి సర్వసభ్య సమావేశంలో చదివి వినిపించాలి. ఇల్లు అలకగానే పండుగ కాదన్నట్లు, ప్రారంభోత్సవం రోజున రిబ్బను కత్తిరించినంత మాత్రాన సైటు నడవదు.

ప్రాణరక్షణకు టికెట్టు వద్దు

ఇక్కడ ఒక విషయంలో రాజీ పడరాదు. చందా కట్టినవారికే పాఠం అనే నియమం అన్నింటికీ వర్తించరాదు. పరీక్షకు తయారీ, నమూనా ప్రశ్నపత్రాలు, అనుమానాల నివృత్తి, సంఘంలో ఓటు ఇవన్నీ సభ్యులకు ఉండవచ్చును. కాని కప్పు పరీక్ష, గ్యాసు, నీటి ప్రమాదం, ప్రథమ చికిత్స, ప్రమాద సమయంలో బయటికి వచ్చే దారి వంటి పాఠాలకు తలుపు తెరిచే ఉంచాలి. కాంట్రాక్టు కార్మికుడు చందా కట్టలేదని రక్షణ పాఠం నుంచి మినహాయిస్తే అది వృత్తి సంఘం అనిపించుకోదు. కప్పు కూలేటప్పుడు ఎవరు సభ్యుడు, ఎవరు కాదు అని చూడదు.

చేయరానివి కూడా కొన్ని ఉన్నవి. గని ప్లానులు, కంపెనీ రహస్య పత్రాలు సైటులో పెట్టరాదు. ప్రమాదాల్లో మరణించినవారి ఫొటోలు పాఠం పేరిట ప్రదర్శించరాదు. వారి కుటుంబాలు ఇదే కాలనీల్లో నివసిస్తున్నవి. సభ్యుల ఫోను నంబర్లు, సర్టిఫికెట్టు నకళ్లు బయటివారికి కనబడరాదు. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో పార్లమెంటు చట్టం చేసింది. సమాచారం ఎందుకు తీసుకుంటున్నారో చెప్పి, సమ్మతి పొంది తీసుకోవడమే మర్యాద.

కొన్ని ఆక్షేపణలు

కంపెనీకి శిక్షణ కేంద్రాలు ఉన్నవి, అది వారి బాధ్యత, కార్మికులు నెత్తిన ఎందుకు వేసుకోవాలి అనే ప్రశ్న న్యాయమైనదే. శిక్షణ ఇవ్వడం యాజమాన్యం విధి. ఎం.వి.టి.సి. శిక్షణ స్థానంలో ఈ సైటును పెట్టాలని ఎవరూ అడగరాదు. అట్లా అడిగితే శిక్షణ ఖర్చు తగ్గించుకోవడానికి యాజమాన్యానికి సాకు ఇచ్చినట్లవుతుంది. శిక్షణ కేంద్రంలో విన్నది ఇంటికి వచ్చి మళ్లీ చూసుకోవడానికి, అక్కడ అడగలేని ప్రశ్నను తోటివారిని అడగడానికి ఈ సైటు పనికివస్తుంది. పై అధికారి ముందు తెలియదని చెప్పడానికి జంకే కుర్రవాడు తన తండ్రి వయసున్న విశ్రాంత సర్దార్‌ను జంకు లేకుండా అడుగుతాడు.

రెండవ ఆక్షేపణ సర్టిఫికెట్టు గురించి. సంఘం సైటు ఇచ్చే పత్రంతో ఎవరూ సర్దార్ కాలేరు. డి.జి.ఎం.ఎస్. పరీక్ష నెగ్గవలసిందే. ఈ మాటను సైటు మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో రాయాలి. లేనియెడల సభ్యత్వ కార్డును ఉద్యోగపు హామీగా చూపి అమ్ముకునే దళారులు పుట్టుకొస్తారు. ఉద్యోగాల పేరిట మోసపోయే కుటుంబాలు బొగ్గు ప్రాంతంలో ఎప్పుడూ ఉన్నవి.

మూడవది రాజకీయం. ఏ యూనియన్ జెండా కింద ఈ సంఘం నడవాలనే తగాదా వస్తే పని మొదలుకాకముందే ముగుస్తుంది. వేతనాలు, హక్కుల కోసం యూనియన్లు పోరాడుతున్నవి, పోరాడాలి కూడా. వృత్తి విద్య అందరిదీ. గ్యాసుకు ఏ జెండా అయినా ఒకటే. అన్ని యూనియన్ల సభ్యులకూ ప్రవేశం ఉండి, ఏ యూనియన్ పదవిలో ఉన్నవారికీ సైటు నిర్వహణ అప్పగించకుండా నియమావళిలోనే రాసుకోవడం శ్రేయస్కరం.

మొదటి అడుగు

2016లో మంచిర్యాల జిల్లా ఏర్పడింది. 2023లో జిల్లా కలెక్టరేటు భవనం నస్పూర్‌లోనే ప్రారంభమైంది. ఒకనాటి గని కార్మికుల పల్లె ఈనాడు జిల్లా పాలనకు కేంద్రం. ఇంజనీరింగు చదివి కంప్యూటరు తెలిసిన యువకులు ఇదే కాలనీల్లో ఉన్నారు. బాయి విద్య తెలిసిన పెద్దలూ ఇక్కడే ఉన్నారు. ఈ ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టే ప్రయత్నం మాత్రమే మిగిలి ఉన్నది.

సింగరేణి యాజమాన్యం తన శిక్షణ కేంద్రాల్లో పాఠాలు రికార్డు చేయడానికి అనుమతి ఇచ్చి, ప్రమాదాల నుంచి నేర్చుకోవలసిన సంగతులను సరళమైన తెలుగులో సంఘానికి అందజేస్తే అది పెద్ద సహాయం. యూనియన్ నాయకులు పోటీ పడకుండా సహకరిస్తే ఇంకొక సహాయం. కాని వీరికోసం ఎదురుచూస్తూ కూర్చోనవసరం లేదు. పదిమంది సర్దార్లు, ఇద్దరు కంప్యూటరు తెలిసిన కుర్రవాళ్లు ఒక ఆదివారం కలుసుకుంటే పని మొదలవుతుంది.

మొదటి పాఠం ఏది అనే చర్చ కూడా అక్కరలేదు. 2021లో ఎస్.ఆర్.పి. 3, 3ఎ గనిలో ప్రాణాలు తీసింది పైకప్పు. కనుక కప్పును తట్టి చూడటం ఎట్లాగో ఒక విశ్రాంత సర్దార్ తన నోటితో చెప్పే పది నిమిషాల పాఠంతోనే ఈ బడి తెరవడం సముచితం.